తట్టెడు చేపలు, పగలంతా మాటలు

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. మా పెరట్లో పిల్లి ఈనితే, నేను టీకొట్టు దగ్గరికి చేరేసరికి అది పులి అవుతుంది. కనుక ఇందులో కనిపించే కొలతలన్నీ నాలుగుతో భాగించుకుని చదవండి. ధరలను రెండుతో భాగిస్తే చాలు, డబ్బు దగ్గర నాకు కాస్త భయముంది. మా ఆవిడ నా మాటలను ఎనిమిదితో భాగిస్తుంది. ఆమెకు అనుభవం ఎక్కువ. ఇంత సాగదీసినా, ఇందులో నేను పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర చెబుతాను. అందాకా దేన్నీ నమ్మకుండా, దేన్నీ కొట్టిపారేయకుండా రండి.

మొన్నటి ఎండాకాలంలో నేను పుదుచ్చేరి వెళ్ళింది సముద్రం చూడటానికి కాదు. సముద్రం మా నెల్లూరుకూ ఉంది. నేను వెళ్ళింది ఒక ఇంటివాళ్ళ మాటలు పట్టుకురావడానికి.

మా అన్నకొడుకు సురేష్ నెల్లూరులో నీళ్ళ మోటార్ల అంగడి నడుపుతున్నాడు. మోటార్ల విడిభాగాల కోసం పుదుచ్చేరి పక్కనున్న సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. మొదట్లో మూడు నెలలకొకసారి, తరువాత నెలకొకసారి, ఆ తరువాత ఒక్క రబ్బరు వాషరు కోసం వారం వారం వెళ్ళడం మొదలుపెట్టాడు. మాకు అనుమానం వచ్చేలోపు వాడే చెప్పాడు. ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే కవిత అనే అమ్మాయిని చేసుకుంటానన్నాడు. వాళ్ళది ఎన్ని తరాల కిందటో అక్కడికి వెళ్ళి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. అమ్మాయి ఫోటో అందరికీ నచ్చింది, మా అమ్మకు తప్ప. ఆమెకు నచ్చకపోవడానికి కారణం ఉంది. ఆమెకు చూపు పోయి మూడేళ్ళయింది.

"వాళ్ళది తెలుగే నాయనమ్మా," అన్నాడు సురేష్.

"తెలుగే అంటే సరిపోయిందా? నువ్వు అంగడికి పోతావు. మీ అమ్మా నాయనా పొలం కాడికి పోతారు. సందేళ దాకా ఇంట్లో ఉండేది నేనూ, వచ్చే పిల్లా. నాకు కనపడేది ఏమన్నా ఉందా? వినపడేదే. ఆ పిల్ల నోట్లో మాట లేకపోతే నాకు ఇల్లంతా చీకటే."

"ఫోన్ కలిపిస్తా, మాట్లాడు."

"ఫోన్లో అందరూ పండగ మాటలే మాట్లాడతారు. ఇంట్లో వాళ్ళలో వాళ్ళు ఏం మాట్లాడుకుంటారో, ఎట్టా మాట్లాడుకుంటారో, అది వినాల. విని చెప్తా."

మా అమ్మ కాదంటే మా అన్నా కాదంటాడు, మా అన్న కాదంటే సురేష్ నోరెత్తడు. అమ్మ చెవిలో అప్పటికే కోవూరు సంబంధం ఒకటి పడి ఉంది. ఆ పిల్ల గలగలా మాట్లాడుతుందని ఎవరో చెప్పారు. ఇక సురేష్ ఆలస్యం చేయకుండా మద్రాసు వెళ్ళి ఒక యంత్రం కొనుక్కొచ్చాడు. సబ్బుపెట్టె అంత ఉంది. పైన బొద్దింక మీసాల్లాగా రెండు మైకులు. లోపల క్యాసెట్ లేదు, గోరంత కార్డు ఉంది. పొద్దున పెడితే సాయంత్రం దాకా ఆపకుండా వింటుందట, విన్నదంతా దాచుకుంటుందట. మా ఇంట్లో అంతసేపు వినే ప్రాణి పుట్టలేదు.

దాన్ని పట్టుకుని వెళ్ళడానికి పనిలేని మనిషి కావలసివచ్చాడు. అందరూ నావైపు చూశారు.

తిన్నని వీధుల్లో

పుదుచ్చేరిలో వీధులు గళ్ళచీర మీద గీతల్లా తిన్నగా ఉంటాయి. ఎవరూ తప్పిపోకూడదనే వాటిని అలా వేశారట. అలాంటి ఊళ్ళో తప్పిపోయిన మొదటి మనిషిని నేనేనని నా నమ్మకం. ఏ మూలకు వెళ్ళి చూసినా ఒకటే వీధి, అవే పసుపు గోడలు, గోడల మీద నుంచి వంగి చూసే అవే కాగితప్పూలు. వీధి పేరు చూద్దామంటే బోర్డు మీద పైన అరవం, కింద ఫ్రెంచి. నాకు రెండూ రావు. కూడలిలో నెత్తిన ఎర్రటి డబ్బా టోపీ పెట్టుకున్న ఒకాయన నిలబడి ఉంటే బ్యాండు మేళం వాడనుకుని, పెళ్ళి ఎక్కడ అని అడిగాను. ఆయన పోలీసు. మంచివాడు. కవిత వాళ్ళ ఇల్లున్న ముత్యాలపేటకు దారి చూపించి, ఆటో పిలిచి, ఆటోవాడితో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో గాని, దారి పొడవునా ఆటోవాడు నన్ను పసిపిల్లవాణ్ణి చూసినట్టు అద్దంలో చూస్తూ వచ్చాడు. నలభై రూపాయలు తీసుకున్నాడు. మా ఊళ్ళో ఆ దూరానికి ఇరవై ఇచ్చి ఇద్దరం కొట్టుకునేవాళ్ళం.

దారిలో బేకరీ దగ్గర సైకిలు మీద ఒకడు చేతికర్రల కట్ట వేసుకుని పోతుంటే ముసలివాళ్ళకు అమ్ముతాడు కాబోలు అనుకున్నాను. ఆ కర్రలను సాయంత్రం నా కంచంలో వేశారు. అవి రొట్టెలు. మోచెయ్యి నుంచి మొదలై ఎదుటివాడి కంచం దాకా పోయేంత పొడుగు. పైన గవ్వలాగా గట్టి, లోపల దూది. దాన్ని విరిచి చేపల కూరలో ముంచుకుని తింటారు. కూరలో మనలాగా మామిడికాయ లేదు, కొబ్బరి ఉంది. నేను మూడు కర్రలు తిన్నాను. భాగించకండి, ఇది నిజం.

అతిథి ముందర

కవిత తండ్రి దామోదరన్, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఆయనకు బాహూరులో పొలం, ఊళ్ళో ఎరువుల అంగడి. ఇంట్లో ఆయన తల్లి అలమేలవ్వ, భార్య, కవిత. గడపలో అడుగు పెట్టగానే నలుగురూ చేతులు జోడించి "వాంగ, వాంగ" అన్నారు. కూర్చోమన్నది అరవంలో, నీళ్ళు ఇచ్చింది అరవంలో, ప్రయాణం ఎలా జరిగిందని అడిగిందీ అరవంలోనే. నేను తెలుగులో జవాబిస్తే వాళ్ళు శ్రద్ధగా విని, తల ఊపి, మళ్ళీ అరవంలో అడిగారు. నాకు వచ్చిన అరవం సాపాటు దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది. ఒక అరగంట పోయాక నాకు దిగులు పట్టుకుంది. సురేష్ ఇల్లు పొరపాటు చెప్పాడా? వీళ్ళు వేరే దామోదరన్లా?

మంచినీళ్ళ చెంబు తీసుకోవడానికి వచ్చినప్పుడు కవితను మెల్లగా అడిగాను. "అమ్మా, మీ ఇంట్లో తెలుగు మాట్లాడతారన్నారు?"

ఆ పిల్ల వెనక్కి ఒకసారి చూసి, నాకు మాత్రమే వినపడేలా చెప్పింది.

"మాట్లాడతాం మామా. మేం మేం ఉంటే వేరే మాటే రాదు. మీరు వచ్చినారు గదా."

"నేను తెలుగువాణ్ణే కదమ్మా."

"అదే మాకూ దిక్కు తెలీటం లేదు. మా ఇంటికి తెలుగు మనిషి వచ్చిందే లేదు. వాకిలి దాటి ఎవురొచ్చినా అరవం వాళ్ళే. వాళ్ళ ముందర మన మాట మాట్లాడితే, వాళ్ళని గురించే ఏందో చెప్పుకుంటాండామని అనుకుంటారు. అందుకని వచ్చినోళ్ళ ముందర ఇంటిమాట మాట్లాడకూడదని అవ్వ చిన్నప్పుడే తొడపాశం పెట్టి నేర్పించింది. ఇప్పుడు మిమ్మల్ని చూస్తానే అందరికీ తొడ చురుక్కుమంటాంది."

ఇంత మర్యాద ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. నామీద గౌరవం కొద్దీ, నాకు అర్థంకాని భాషలో నాతో మాట్లాడుతున్నారు.

మూగదీపం

భోజనాలు కాగానే యంత్రాన్ని బయటికి తీశాను. నేను వచ్చిన పని వాళ్ళకు తెలుసు. దాపరికం ఏమీ లేదు. నెల్లూరు పెద్దావిడ మీ ఇంటి మాటలు వింటానంటోందని సురేష్ ముందే చెప్పి ఉన్నాడు. ఎర్రగుండీ నొక్కాను. దీపం ఆరుతూ వెలుగుతూ ఎంతో హుషారుగా మెరిసింది. "ఊ, మామూలుగా మాట్లాడుకోండి," అన్నాను.

నాకంటే పెద్ద అతిథి ఆ యంత్రం. దామోదరన్ లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకొచ్చాడు. నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, నెల్లూరు పెద్దలకూ, సభకూ వణక్కం చెప్పి, ఎన్నికల్లో నిలబడినవాడిలా అచ్చమైన గ్రాంథిక అరవంలో మొదలుపెట్టాడు. నాకు తెలిసిన మాటలు రెండే వినిపించాయి, ఒకటి నెల్లూరు, రెండోది బియ్యం. ఆయన కూర్చోగానే భార్య లేచి రెండు ముక్కలు అప్పజెప్పింది. అలమేలవ్వ వంతు వచ్చేసరికి పైట నిండా కప్పుకుని, యంత్రానికి దణ్ణం పెట్టి, దానికి భోజనమైందా అని అరవంలో అడిగింది.

అంతా అయ్యాక, అందరికీ వినిపిస్తానని గొప్పగా ఇంకో గుండీ నొక్కాను. ఏమీ లేదు. కార్డు ఖాళీ. దాని మీసాలు పట్టుకుని ఊపాను. బ్యాటరీలు తీసి వేశాను. ఖాళీయే. దీపం మెరిసింది కదా, అంత చక్కగా మెరిసింది కదా అని అందరినీ సాక్ష్యం అడిగాను. మెరిసిందన్నారు.

అలమేలవ్వ తేల్చింది, అది చెవిటిదని. దామోదరన్‌కు మాత్రం చాలా బాధ కలిగింది, అంత ఉపన్యాసం పోయినందుకు.

నాకు వేరే బాధ. అమ్మకు ఈ అరవపు ఉపన్యాసమే వినిపించి ఉంటే కోవూరు పిల్లకు ముహూర్తం పెట్టించేది. ఖాళీ కార్డు వినిపిస్తే ఈ ఇంట్లో మాటే లేదంటుంది. ఎటు చూసినా సురేష్ పని అయిపోయింది. కవిత మాత్రం యంత్రంతో పాటు వచ్చిన గుండీల పుస్తకం వైపు చూసింది. "మామా, అది ఒకపాలి చూసిస్తా," అని తీసుకుపోయింది. ఆ పుస్తకం పదహారు భాషల్లో ఉంది, మనది తప్ప.

తేంగాయితిట్టులో నా చెయ్యి

మర్నాడు ఆదివారం. పొద్దున్నే దామోదరన్ చేపలకు తేంగాయితిట్టు రేవుకు పోతూ నన్నూ బండెక్కించుకున్నాడు. ఆరుబయట అయితే యంత్రం బాగా వింటుందేమోనని దాన్ని కూడా తెచ్చాను.

రేవు నిండా పడవలు, పడవల నిండా మనుషులు, మనుషుల నిండా కేకలు. నేల మీద తట్టలు వరసగా పెట్టి వేలం పాడుతున్నారు. పాడేవాడి నోట్లో నుంచి అంకెలు వేయించిన పేలాల్లా ఎగురుతున్నాయి. మా వైపు వేలంలో మనిషి ఆలోచిస్తాడు, ముక్కు గోక్కుంటాడు, భార్యకు ఫోన్ చేస్తాడు. ఇక్కడ కన్ను మూసి తెరిచేసరికి చేప చెయ్యి మారుతుంది. అద్భుతంగా ఉంది, ఇది అమ్మ వినాలి అనుకున్నాను. గుండీ నొక్కి, గుంపు తలల మీదుగా బాగా వినపడాలని యంత్రాన్ని ఎంత ఎత్తుకు వీలైతే అంత ఎత్తుకు పట్టుకున్నాను.

అంకె పెరిగింది. నేను చెయ్యి ఇంకా ఎత్తాను. అంకె ఇంకా పెరిగింది. చుట్టూ జనం నావైపు తిరిగారు. నా యంత్రాన్ని చూస్తున్నారు కాబోలని నవ్వాను.

"అయ్యో, ఏంది నాయనా ఇది, చెయ్యి దించు, చెయ్యి దించు," అని దామోదరన్ నా మోచెయ్యి పట్టుకుని లాగాడు.

ఆయన నోట నేను విన్న మొదటి తెలుగు అది. వినగానే ఆనందంతో రెండో చెయ్యి కూడా ఎత్తాను. అంతటితో వేలం ముగిసింది. తట్టెడు కానాగంతలు నావయ్యాయి. నాలుగు వందల యాభై రూపాయలు, తట్ట బరువు ఒక చిన్న ఏనుగంత. ఇష్టం లేదంటే కుదరదట. రేవులో ఎత్తిన చెయ్యి సంతకం లాంటిదట. డబ్బిచ్చాను. వేలం పాట కార్డులోకి ఎక్కలేదని తరువాత తెలిసింది. చేపలు మాత్రం ఆటోలోకి ఎక్కాయి.

ఇంటికి వచ్చేసరికి ఎండ ముదిరింది. ఐసు లేదు. ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకే చోటు చాలదు. మధ్యాహ్నం లోపల వాటిని శుభ్రం చేయాలి, పంచిపెట్టాలి, మిగిలింది ఉప్పులో వేయాలి. అలమేలవ్వ తట్టను చూసి, నన్ను చూసి, మళ్ళీ తట్టను చూసింది. పైట నడుముకు బిగించి కత్తిపీట ముందు కూర్చుంది. కవిత తల్లి పక్కవీధుల్లో చుట్టాలకు పంచడానికి సంచి తీసుకుని బయలుదేరింది. బాహూరులో ఉన్న చుట్టాలకు ఇంకో సంచి. అది దామోదరన్ తీసుకుపోవాలి, వెనకాల పట్టుకుని కూర్చోవడానికి నేను.

బయలుదేరే ముందు నేను ఒక ఘనకార్యం చేశాను. గుండీల పుస్తకం అడిగి తీసుకుని శ్రద్ధగా చదివాను. చదవగానే గుట్టు తెలిసిపోయింది. ఎర్రగుండీ ఒకసారి నొక్కితే యంత్రం సిద్ధమవుతుందంతే. దీపం ఆరుతూ వెలుగుతుంది. రెండోసారి నొక్కితేనే వినడం మొదలు. అప్పుడు దీపం నిలకడగా వెలుగుతుంది. నిన్న నేను దాన్ని సాయంత్రమంతా సిద్ధంగానే ఉంచాను. ఇప్పుడు మిక్సీ తీగ పీకి, ఆ రంధ్రంలో యంత్రం తీగ గుచ్చి, దాన్ని వంటింటి కిటికీలో నిలబెట్టి, గుండీ రెండుసార్లు నొక్కాను.

"ఇది ఇక్కడే పెట్టి పోతున్నానవ్వా," అని అలమేలవ్వకు చెప్పాను కూడా.

"అది సెవిటిది గదా, ఉండనీలే," అంది ఆమె. అని నాలుక కరుచుకుని, అదే మాట మళ్ళీ అరవంలో చెప్పింది.

బాహూరు ఎద్దులు

బాహూరు చెరువు సముద్రం కంటే కొంచెం చిన్నది. దాని కింద వరి పొలాలు, మా కోవూరు మాగాణిలాగానే ఉన్నాయి. గట్టు మీద నిలబడితే నెల్లూరు వెళ్ళకుండానే నెల్లూరు చేరినట్టుంది. ఆ భ్రమలో, పొలంలో ఉన్న దామోదరన్ చిన్నాయనను తెలుగులో పలకరించాను. ఆయన చేపల సంచి అందుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఎంతో మర్యాదగా అరవంలో క్షేమం అడిగాడు.

అప్పుడే ఆయన ఎద్దు ఒకటి గట్టు దాటి పక్క మడిలోకి కాలు పెట్టింది.

"యాడికి పోతాండావురా? సిగ్గుండాదా నీకు? ఇట్ట రా, రా నాయనా, ఇట్ట రా," అన్నాడు చిన్నాయన.

ఎద్దు వెనక్కి వచ్చింది. ఆయన నావైపు తిరిగి మళ్ళీ అరవంలో కాఫీ తాగుతారా అని అడిగాడు.

నేను గట్టు మీద కూలబడ్డాను. ఎద్దుకు తెలుగు, నాకు అరవం. ఆ ఎద్దు మీద నాకు అసూయ కలిగింది. అది ఇంటి మనిషి, నేను కాను. ఇదే పద్ధతి మనకు ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. మా ఇంట్లో చుట్టం వచ్చాకే అసలు తగాదాలు మొదలవుతాయి, అదీ ఆ చుట్టానికి పూర్తిగా అర్థమయ్యే భాషలో.

సాయంత్రం పొద్దు వాలే వేళకు ముత్యాలపేట చేరాం. ఇల్లంతా చేపల వాసన. తట్ట ఖాళీ. కవిత అరచేతుల నిండా గాట్లు. కిటికీలో యంత్రం దీపం నిలకడగా వెలుగుతూ ఉంది. చెవుల్లో గొట్టాలు పెట్టుకుని రెండు నిమిషాలు విన్నాను. మూడో నిమిషానికి దామోదరన్ అడిగాడు, ఏమైనా ఉందా అని. ఉందన్నాను. మా అమ్మకు వినిపించాక చెబుతానన్నాను.

మర్నాడు పొద్దున్న బస్సెక్కించడానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. అలమేలవ్వ ఉప్పుచేపల పొట్లం ఇచ్చింది. అది బస్సులో నా పక్కసీటును మద్రాసు దాకా ఖాళీగా కాపాడింది. కవిత మాత్రం కిటికీ దగ్గరికి వచ్చి, "ఆమె ఏమన్నా సరే మామా, ఏమన్నిందో అది చెప్పండి. కలిపి చెప్పొద్దు," అంది. రెండు రోజుల్లో నన్ను ఎంతవరకు అర్థం చేసుకుందో అప్పుడు నాకు తెలిసింది.

మంచం పక్కన

నెల్లూరులో మా అన్న ఇంట్లో, అమ్మ మంచం పక్కన స్టూలు వేసి, యంత్రానికి స్పీకర్లు తగిలించి పెట్టాను. సురేష్ గుమ్మంలో నిలబడ్డాడు. వాడి ముఖం చూస్తే, కాలిపోయిన మోటారు తెచ్చిన రైతు గుర్తొచ్చాడు.

మొదట కత్తిపీట చప్పుడు. తరువాత కవిత గొంతు.

"అవ్వా, ఇదో, ఒకటి తీసుకున్నా. జానెడుండాది. వీపు నీలంగా ఉండాది, దాని మీద సన్నంగా గీతలు. కడుపు ఎండిలాగా మెరస్తాండాది. ఇంగ తల తీస్తాండా."

"ఏందే, నాకు కండ్లు లేవా? ఎవురికి చెప్తాండావు?"

"ఊరికే. చెప్తా చేస్తే పని తొందరగా అవుతాది."

"పిచ్చి గాని పట్టిందా ఏంది నీకు."

"పిల్లి వచ్చి గోడ మీద కూర్చునుండాది అవ్వా. పసుపుది. ఒక కన్ను మూసుకోనుండాది."

అమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నది ముందుకు జరిగింది. పిల్లి గోడ దిగింది, తల ఒకటి ఎత్తుకుపోయింది, అలమేలవ్వ చెంబు విసిరింది. ఇవన్నీ కవిత చెబుతూనే ఉంది, అలమేలవ్వ తిడుతూనే ఉంది. కొంతసేపటికి నా పేరు రాకుండా నేను వచ్చాను.

"ఆ నెల్లూరు మనిషి రాత్రి ఏమన్నాడే? వాళ్ళూళ్ళో చేప బండెద్దంత ఉంటాదంటనా?"

"ఆయన చెప్పేదాంట్లో సగం తీసెయ్యల్ల అవ్వా."

"సగమా? నేను మూడు పాళ్ళు తీసేసినా. అయినా ఇంగా రొంబ మిగిలుండాది."

మా అమ్మ నవ్వింది. చూపు పోయాక ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. ఆ నవ్వుకు మా ఆవిడ కూడా వంటింట్లో నుంచి వచ్చి కూర్చుంది, నా గురించి ఇంకా ఏమైనా వస్తుందేమోనని. మధ్యాహ్నం అన్నాలు అక్కడికే తెచ్చుకున్నాం. చాలాసేపు ఏ మాటా లేదు, చేపలు గీకే చప్పుడే. ముందుకు తిప్పేద్దామా అంటే అమ్మ వద్దంది. అప్పుడు అలమేలవ్వ అడిగింది.

"ఆ ముసలామెకి కండ్లు కనపడవంట. పగలంతా ఆమె దగ్గిరే ఉండల్ల నువ్వు. ఏం మాట్లాడతావే? నీకొచ్చేది మన వంటింటి తెలుగు. వాళ్ళు విని నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే ఇంట్లో సద్దుంటాది గదా. నాకు తెలియని మాట ఆమెని అడుగుతా. ఆమెకి తెలియని అరవం మాట నేను చెప్తా. అట్ట పొద్దు పోతాది."

"నీకు బయం లేదా?"

గీకే చప్పుడు ఆగింది. కాకి ఒకటి అరిచింది.

"ఉండాది," అంది కవిత. మళ్ళీ గీకడం మొదలైంది.

అమ్మ చెయ్యెత్తి ఆపమంది. సురేష్ గుమ్మం పట్టుకున్నాడు.

"సగం మాటలు అర్థం కాలేదురా," అంది అమ్మ.

"అయితే వద్దా నాయనమ్మా?"

"వద్దని ఎవరన్నారు? ఆ సగం ఆ పిల్లనే వచ్చి చెప్పమను." మళ్ళీ తనే అంది, "మూడేళ్ళయింది నేను చేపను చూసి. ఇయ్యాల చూసినా. పిల్లిని గూడా."

సాయంత్రం పుదుచ్చేరికి ఫోన్ చేసి, కవిత చెప్పినట్టే, ఏమీ కలపకుండా ఆ మాటలే చెప్పాను. నా జీవితంలో అంత చిన్న ఫోన్ చేయడం అదే మొదలు. పెళ్ళి శ్రావణంలో అయింది. పెళ్ళిలో దామోదరన్ మైకు పట్టుకుని, పోయిన ఉపన్యాసాన్ని మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ ఇచ్చాడు.

కల్పించింది

ఇక మాట ప్రకారం చెప్పాలి. పిల్లి నిజం, ఎద్దు నిజం, రేవులో రెండు చేతులూ ఎత్తడం నిజం. నేను గుండీల పుస్తకం చదివానని రాశాను చూశారా, అదే కల్పించింది. నేను దాన్ని తెరవనే లేదు. ఆదివారం బాహూరుకు బండెక్కే ముందు గుండీ ఒక్కసారే నొక్కాను. దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే, ఎంత హుషారుగా పనిచేస్తోందో అని మురిసిపోతూ వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నిలకడగా వెలుగుతూ ఉంటే, పాపం, అలిసిపోయింది కాబోలు అనుకున్నాను.

చెవుల్లో గొట్టాలు పెట్టుకుని విన్న ఆ రెండు నిమిషాల్లో మొదట వినిపించింది గాజుల చప్పుడు, చాలా దగ్గరగా. తరువాత, పక్కనున్న అవ్వకు కూడా వినపడనంత మెల్లగా, కవిత గొంతు.

"నాయనమ్మా, నేను కవితని. రండి, చేపలు చూస్తాం."

అంతే. ఆ తరువాత అడుగులు దూరం జరిగాయి. కత్తిపీట ముందు కూర్చున్న చప్పుడు వచ్చింది. ఆ ముక్కను దాటించి అమ్మకు వినిపించాను. తన కోసమే మాట్లాడిన మాటలని తెలిస్తే అమ్మ పండగ మాటలంటుందేమోనని భయపడ్డాను. ఆ "ఉండాది" అన్నది మాత్రం వింటున్నారని తెలిసే చెప్పిందో, అప్పటికి మరిచిపోయి చెప్పిందో నాకు ఇప్పటికీ తేలలేదు. అడిగే ధైర్యం లేదు. కార్డు నా బీరువాలోనే ఉంది.

ఇంత బాహాటంగా ఎలా రాశానంటారా? మా అన్న ఇంట్లో, ఇది అచ్చయ్యే ఈ పత్రిక చదవకూడనివాళ్ళు ఇద్దరే. ఒకరికి చూపు లేదు, ఇంకొకరికి తెలుగు లిపి రాదు. అయితే ఈమధ్య ఒక చిక్కు వచ్చిపడింది. మధ్యాహ్నాలు కవిత అరచేతిలో అమ్మ వేలితో అక్షరాలు దిద్దిస్తోంది. నిన్న వెళ్ళినప్పుడు 'ఠ' దగ్గర ఉన్నారు. దాని చుక్క లోపలా బయటా అని ఇద్దరూ కొట్టుకుంటున్నారు. గుణింతాలు ఉన్నాయి, ఒత్తులు ఉన్నాయి, నా వాక్యాలు చూస్తే ఆమడ పొడుగు. ఆ పిల్ల ఒత్తుల దాకా వచ్చేలోపు ఈ సంచిక పాతపేపర్ల వాడి దగ్గరికి పోయి, వేరుశెనగల పొట్లమై, ఎవరో తినేసి పారేస్తారని నా ఆశ.

పొట్లాలు విప్పి చదివే అలవాటు మాత్రం మా అమ్మ ఆ పిల్లకు నేర్పకుండా ఉండాలి.